‘రేపటికి అయిపోతది సార్’: ఎజైల్ టీమ్‌లో నాయకత్వం ఎక్కడ తేలిపోతుంది

సంక్షిప్తంగా: సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేసే ఎజైల్ పద్ధతి రోజూ అందే నిజమైన సమాచారం మీద నడుస్తుంది. ఆ సమాచారం నిజంగా అందుతుందా లేదా అన్నది, చెడు కబురు విన్నప్పుడు టీమ్‌ను నడిపించేవారు ఎలా స్పందిస్తారన్న దాని మీద ఉంటుంది. పని ఆపే అధికారం ఎవరిది, కొలత దేనికి వాడుతున్నారు, కొత్త పనిని ఎవరు ఆపగలరు అన్నవి తర్వాతి ప్రశ్నలు. నిర్ణయాలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో జరిగి, పని వరంగల్‌లో జరిగే టీములకు ఈ లెక్క ఇంకాస్త కఠినం.

ఉదయం తొమ్మిదీ ముప్పావు. మడికొండ ఐటీ పార్కులోనో, హన్మకొండలో ఒక అద్దె అంతస్తులోనో ఎనిమిది మంది తెర ముందు నిలబడి ఉన్నారనుకుందాం. ఒకమ్మాయి వంతు వస్తుంది. ఆమె పేరు మీదున్న టిక్కెట్, అంటే ఆమెకు అప్పగించిన పని, నాలుగు రోజులుగా ‘ఇన్ ప్రోగ్రెస్’ గడి దాటలేదు. పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చే జవాబు అప్పుడప్పుడు రెండుసార్లు నమోదవుతోంది. ఎందుకో ఆమెకు అంతుబట్టడం లేదు. ‘‘ఏమైంది అది?’’ అని టీమ్‌ను నడిపించే లీడ్ అడుగుతారు. ‘‘నడుస్తుంది సార్, రేపటికి అయిపోతది.’’ లీడ్ తల ఊపుతారు. తర్వాతి మనిషి మొదలుపెడతాడు.

దృశ్యం ఊహించినదే గాని, ఐటీలో ఆరు నెలలు పనిచేసినవాళ్లెవరికీ కొత్త కాదు. పైకి చూస్తే ఎజైల్ నియమాలన్నీ పాటించినట్టే ఉంది: స్టాండప్ (రోజూ నిలబడి జరిపే చిన్న భేటీ) జరిగింది, పనుల బోర్డు ఉంది, అందరూ మాట్లాడారు. అయినా ఆ పదిహేను నిమిషాల్లో టీమ్‌కు తెలియాల్సిన ఒకే ఒక్క విషయం బయటికి రాలేదు. ‘ఎజైల్‌లో బాస్ ఉండడంటారు, మరి రోజూ ఈ సంజాయిషీ ఏమిటి’ అని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మేనేజర్ అన్న మాటే లేని కాగితం

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్ అనే కొండ విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసుకున్న ప్రకటన ఎజైల్‌కు మూలం. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు. వాటిలో ఎక్కడా ‘మేనేజర్’ అన్న మాట లేదు. పని మీద ఆసక్తి ఉన్నవాళ్లను పెట్టుకోండి, కావలసినవి సమకూర్చండి, చేస్తారని నమ్మండి అంటుంది ఒక సూత్రం. మంచి డిజైన్లు తమంతట తాము సర్దుకునే టీముల నుంచే పుడతాయంటుంది మరొకటి. అంతకుముందే, 1995లో, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ ఇప్పుడు ఎజైల్ పద్ధతుల్లో ఒకటిగా చెప్పే ‘స్క్రమ్’ను పరిచయం చేశారు. దాని 2020 నాటి గైడ్ ప్రకారం టీమ్ సాధారణంగా పది మందికి మించదు, స్ప్రింట్ అనే ఒక్కో పని విడత నెలకు మించదు, రోజువారీ భేటీ పదిహేను నిమిషాలు. ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్, పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్, పని చేసే డెవలపర్లు అన్న మూడు బాధ్యతలే ఉంటాయి. ప్రాజెక్ట్ మేనేజర్‌కు అందులో కుర్చీ లేదు.

కుర్చీ లేదు కాబట్టి నాయకత్వం అక్కర్లేదని అనుకోవడం దగ్గర పొరపాటు మొదలవుతుంది. 2002లో గూగుల్ ఇంజినీరింగ్ విభాగంలో మేనేజర్లనే తీసేసి చూసింది. ఖర్చుల బిల్లులు, మనుషుల మధ్య తగాదాలు అన్నీ నేరుగా కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వచ్చి పడ్డాయి. ప్రయోగం కొన్ని నెలలే నిలిచింది. తర్వాత 2008లో అదే కంపెనీ, మేనేజర్ బాగుంటే తేడా ఏమైనా ఉంటుందా అని తన లెక్కలే తవ్వి చూసుకుంది. ఉంటుందనే తేలింది.

దీన్ని ఇంకా సులువుగా చూడాలంటే వానాకాలం నాట్లప్పుడు ఉత్తర తెలంగాణలో ఏ ఊరి పొలానికైనా వెళ్లవచ్చు. రోజు కూలి లెక్కన నాటు వేయిస్తే ఆసామి ఒడ్డు మీద నిలబడి చూసుకోవాలి. గుత్తకు మాట్లాడితే ఎకరానికి ఇంత అని ఒప్పందం. ఎన్నింటికి దిగాలి, నారు ఎవరు పీకాలి, ఎవరు పంచాలి, ఎవరు వరుస పట్టాలి అన్నది గుంపే తేల్చుకుంటుంది. తమను తాము నడుపుకునే టీమ్ అంటే ఇదే. అయితే గుత్త ఇచ్చినంత మాత్రాన ఆసామి పని అయిపోదు. కరిగెట (నాటుకు మడిని దున్ని బురద చేయడం) ముందే కావాలి, మడికి నీళ్లు అందాలి, నారు ముదరకముందే గుంపును పిలవాలి. ఇవేవీ కాకుండా పొద్దున్నే వచ్చిన పది మందిని ఒడ్డు మీద కూర్చోబెడితే గుత్తైనా ఒకటే, కూలైనా ఒకటే. ఎజైల్‌లో నాయకత్వం పోలేదు. నాటు వేసే చేతుల మీద నుంచి కరిగెట మీదికి జరిగింది.

గుత్తకు ఇంకో గుణం కూడా ఉంది. దాని సంగతి కింద, పనిని కొలిచే పాయింట్ల దగ్గర.

‘రేపటికి’ అన్న మాట ఎక్కడ పుడుతుంది

పాత పద్ధతిలో ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి నిజం బయటపడేది. అప్పటికి సరిచేయడానికి వ్యవధి ఉండేది కాదు. ఎజైల్ ఆ వ్యవధిని రోజుకూ, రెండు వారాలకూ కుదించింది. దాని బలమంతా ఈ కుదింపులోనే ఉంది. కానీ రోజూ చెప్పించుకున్నంత మాత్రాన రోజూ నిజం వస్తుందని లేదు. థర్మామీటర్‌ను గంటకోసారి చూసినా, అది చూసేవాడి కోపానికి భయపడి 98 దగ్గరే ఆగిపోతే ఉపయోగం ఏముంది?

అదే టిక్కెట్ మీద ఇద్దరు లీడ్‌లను పక్కపక్కన పెట్టి చూద్దాం. అమ్మాయి ధైర్యం చేసి ‘‘ఇది నాకు తెలుస్తలేదు సార్’’ అంది. మొదటి లీడ్: ‘‘నాలుగు రోజులు ఏం చేసినవ్ మరి? మొన్ననే చెప్పాలి కదా.’’ రెండో లీడ్: ‘‘ఎప్పుడెప్పుడు రెండుసార్లు వస్తుంది? లాగ్ తీసినవా? ఇట్లాంటిది ఇంతకుముందు ఎవరికన్నా తగిలిందా?’’ ఆ మాటకు మూలన నిలబడ్డ టెస్టర్, నెట్ మెల్లగా ఉన్నప్పుడు యాప్ తిరిగి అదే రిక్వెస్ట్ పంపుతోందని తాను గమనించానంటాడు. నలభై సెకన్లలో నాలుగు రోజుల ముడి సగం విడింది.

మొదటి లీడ్ అన్న మాటలో తర్కం తప్పు లేదు. మొన్ననే చెప్పాల్సిందే. కానీ ఆ మాట విన్నది ఆమె ఒక్కతే కాదు, పక్కన నిలబడ్డ ఏడుగురు కూడా. మర్నాటి నుంచి ఎవరి టిక్కెట్ ఆగినా జవాబు ఒకటే: రేపటికి అయిపోతది. పది పనిదినాల స్ప్రింట్‌లో ఎనిమిదో రోజు దాకా బోర్డు పచ్చగా ఉండి, తొమ్మిదో రోజు ఒక్కసారిగా ఎర్రబడటం ఇలాంటి టీములకు ఆనవాలు. ఐటీవాళ్లు దీన్ని ‘వాటర్‌మెలన్ స్టేటస్’ అంటారు. పైన పచ్చన, కోస్తే ఎరుపు.

హార్వర్డ్‌లో బోధించే ఏమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల నర్సింగ్ బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయన్నది ఆమె అంచనా. లెక్క తిరగబడింది: బాగా నడిచే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, చేసినవి దాచలేదని తర్వాత అర్థమైంది. 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాల మీద ఆమె ప్రచురించిన పరిశోధన దీన్ని ‘మానసిక భద్రత’ అన్న పేరుతో వివరించింది. గూగుల్ 180 టీములను పరిశీలించినప్పుడు కూడా, టీమ్‌లో ఎవరెవరు ఉన్నారన్న దానికన్నా ఈ భద్రతే ముందు వరుసలో నిలిచింది.

వ్యతిరేక ఉదాహరణ నోకియా. స్మార్ట్‌ఫోన్ పోటీలో అది ఎలా వెనుకబడిందో పరిశోధించి టిమో వూరి, క్వీ హుయ్ 2016లో ప్రచురించిన వ్యాసం భయం దగ్గర ఆగుతుంది. పైవాళ్లకు మార్కెట్ భయం, మధ్య మేనేజర్లకు పైవాళ్ల భయం. నోకియా ఫోన్లను నడిపే సింబియన్ సాఫ్ట్‌వేర్ వెనుకబడిందని కింద పనిచేసేవాళ్లకు తెలుసు. ఆ మాట పైకి వెళ్లేకొద్దీ మెత్తబడింది. పైవాళ్లు మెత్తని మాట విని గట్టి గడువులు పెట్టారు. ఈ గొలుసులో అబద్ధం చెప్పాలని ఎవరూ కూర్చోలేదు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ‘రేపటికి’ చేరింది, అంతే.

స్టాండప్ కాస్తా సంజాయిషీ సభగా మారితే ఇంకో నష్టం గడియారంలో కనిపిస్తుంది. ఎనిమిది మందికి పదిహేను నిమిషాలంటే రోజుకు రెండు పనిగంటలు. అదే నలభై నిమిషాలకు సాగితే రోజుకు ఐదు గంటల ఇరవై నిమిషాలు. పది రోజుల స్ప్రింట్‌లో 53 గంటలకు పైనే, అంటే ఒక మనిషి వారం పనికన్నా ఎక్కువ, నిలబడటానికే పోతుంది.

సర్దార్ చేతిలో ఉన్నది, స్క్రమ్ మాస్టర్ చేతిలో లేనిది

నిజం చెప్పడం సగం. విన్న తర్వాత పని ఆపగలగడం మిగతా సగం.

టొయోటా అసెంబ్లీ లైన్ మీద ప్రతి కార్మికుడికీ అందేలా ఒక తాడో బటనో ఉంటుంది. ఈ ఏర్పాటునే ఆండన్ అంటారు. తేడా కనిపిస్తే లాగాలి, లేదా నొక్కాలి. టీమ్ లీడర్ వెంటనే వస్తాడు. నిర్ణీత గీత దాటేలోగా సమస్య తేలకపోతే లైన్ ఆగిపోతుంది. ఎజైల్ ఆలోచనల్లో కొన్ని జపాన్ కంపెనీల నుంచే వచ్చాయి. అయితే దీనికోసం జపాన్ దాకా వెళ్లనక్కర్లేదు. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు సింగరేణి కుటుంబాలకు, గనిలో కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ప్రమాదం ఉందని తేలితే ఆ చోటి నుంచి మనుషులను తప్పించే అధికారం, బాధ్యత గని నిబంధనల ప్రకారమే సర్దార్‌కు ఉన్నాయి. పైఅధికారి టన్నుల లెక్క అడుగుతాడు గనుక మనుషులను తప్పించొద్దు అనే వీలు అక్కడ లేదు. కాగితం మీదైతే కచ్చితంగా లేదు.

సాఫ్ట్‌వేర్‌లో గనిలోలా పైకప్పు కూలదు. అందుకే ఈ అధికారాన్ని ఎవరూ పక్కాగా రాసిపెట్టరు. శుక్రవారం సాయంత్రం రిలీజ్ ఉంది, పేమెంట్ రెండుసార్లు నమోదయ్యే బగ్ తేలలేదు. ఆపాలని టెస్టర్ అంటాడు. అతనికి ఆపే హక్కు ఉందా, చెప్పే హక్కు మాత్రమే ఉందా? స్క్రమ్ మాస్టర్ అన్న పదవిలో ‘మాస్టర్’ ఉంది గాని చాలా చోట్ల ఆ మనిషి చేసేది మీటింగ్ లింకులు పంపడం, బోర్డు మీద గళ్లు సర్దడం. గైడ్ ఉద్దేశం అది కాదు. అడ్డంకులు తొలగించడం, టీమ్‌కూ బయటి ఒత్తిడికీ మధ్య నిలబడటం ఆ పదవి పని. టీమ్ ఆపాలన్నప్పుడు ఆ మాటకు బరువు ఇచ్చేది పదవి పేరు కాదు, కిందటిసారి ఆపినప్పుడు పైనుంచి వచ్చిన ఫోన్‌ను ఎవరు ఎత్తారన్నది.

పాయింట్లు పెరిగాయి, పని పెరగలేదు

గుత్తలోని రెండో గుణం ఇది. ఎకరాల లెక్కన డబ్బు కాబట్టి వేగం పెరుగుతుంది. చూసేవాళ్లు లేకపోతే మొక్కకూ మొక్కకూ ఎడం కూడా పెరుగుతుంది. ఎకరం నాటు పడిందన్నది నిజమే, పలచగా పడిందన్నదీ నిజమే.

ఎజైల్ టీములు పని పెద్దదా చిన్నదా అన్నది స్టోరీ పాయింట్లతో అంచనా వేసుకుంటాయి. ఒక స్ప్రింట్‌లో పూర్తయిన పాయింట్ల మొత్తాన్ని వెలాసిటీ అంటారు. తర్వాతి స్ప్రింట్‌కు ఎంత పని ఎత్తుకోవచ్చో టీమ్ తనకు తాను తేల్చుకోవడానికి పుట్టిన కొలత ఇది. ఇంట్లో బియ్యం డబ్బాలో వేసుకున్న గీతలాంటిది. పక్కింటి డబ్బా గీతతో పోల్చడంలో అర్థం లేదు. కానీ నెలాఖరు సమీక్షలో ఒక టీమ్‌ది 30, మరో టీమ్‌ది 42 అని పక్కపక్కన తెర మీద పెట్టి, మీది ఎందుకు తక్కువ అని అడిగితే ఏమవుతుంది? రెండు స్ప్రింట్లు తిరిగేసరికి మొదటి టీమ్ కూడా 42కు చేరుతుంది. నిన్న మూడు పాయింట్లు పలికిన పని ఇవాళ ఐదు పలుకుతుంది. కొలతే లక్ష్యమైతే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న ఈ సూత్రం బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చేసిన వ్యాఖ్య నుంచి వచ్చింది. పాయింట్లకు జరిగేదీ ద్రవ్యోల్బణమే కాబట్టి పోలిక చక్కగా అతుకుతుంది.

ఇందులో టీమ్‌ను తప్పు పట్టడానికి లేదు. అప్రైజల్ ఆ అంకె మీద ఆధారపడి ఉంటే, ఆ అంకెను కాపాడుకోవడం తెలివైన పనే. అంకెను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తేల్చేది పైనున్నవారు.

‘ఇది కూడా చూడండి’ ఖరీదు

క్యూల గణితంలో లిటిల్ సూత్రం అని ఒకటుంది. జాన్ లిటిల్ 1961లో దానికి నిరూపణ ఇచ్చారు. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. టీమ్ వారానికి ఐదు పనులు ముగిస్తుందనుకుంటే, చేతిలో పది ఉన్నప్పుడు ఒక్కోటి రెండు వారాల్లో తేలుతుంది. క్లయింట్‌కు కాదనలేక లీడ్ మరో పది నెత్తిన పెట్టారు. టీమ్ అదే, వేగం అదే. ఇప్పుడు ఒక్కోటి నాలుగు వారాలు. ఎవరూ బద్ధకించలేదు, అయినా అన్నీ ఆలస్యమే. మనిషి ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడల్లా పోయే ఏకాగ్రత ఈ లెక్కలో చేరనే లేదు.

కాబట్టి నాయకత్వ నాణ్యతను పట్టించే మాటల్లో ఒకటి చాలా చిన్నది: ‘ఇది తీసుకుంటాం, దాని బదులు ఏది పక్కన పెట్టమంటారు?’ ఈ ప్రశ్న అడిగే ప్రొడక్ట్ ఓనర్ ఉన్న టీమ్‌కూ, ‘ఇది కూడా చూడండి ప్లీజ్’ అని మెసేజ్ దాటించే ప్రొడక్ట్ ఓనర్ ఉన్న టీమ్‌కూ మధ్య తేడా ప్రతిభలో ఉండదు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసులో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయన్న దాంట్లో కనిపిస్తుంది.

వరంగల్ లెక్క

ఈ ప్రాంతానికి ఇంజినీరింగ్ చదువు కొత్త కాదు. ఇప్పటి ఎన్‌ఐటీ 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది. చదువు ఇక్కడ, ఉద్యోగం హైదరాబాద్‌లో అన్నదే దశాబ్దాల పాటు నడిచిన లెక్క. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్, 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ వచ్చాయి. ఇంటి అన్నం తిని, కాజీపేట మీదుగా బండి మీద ఆఫీసుకు వెళ్లొచ్చే ఐటీ ఉద్యోగం కొందరికైనా అందింది.

ఇలాంటి కేంద్రాల్లో ఎజైల్‌కు ఎదురయ్యే మొదటి చిక్కు దూరం. పని వరంగల్‌లో, డెలివరీ మేనేజర్ 145 కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో, ప్రొడక్ట్ ఓనర్ అమెరికాలో. అక్కడి తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఉదయం పదింటికి వచ్చిన సందేహానికి జవాబు వచ్చేసరికి ఆ రోజు గడిచిపోతుంది. రెండు వారాల స్ప్రింట్‌లో అలాంటి సందేహాలు మూడు వస్తే మూడు రోజులు పోయినట్టే, స్థానిక లీడ్‌కు నిర్ణయం తీసుకునే హక్కు లేకపోతే. హక్కు ఉంటే పది నిమిషాలు. ‘పైనుంచి కన్ఫర్మేషన్ రావాలి’ అనే లీడ్ చెడ్డవారేం కాదు. ఆ కుర్చీకి అధికారం ఇవ్వలేదు, బాధ్యత మాత్రం ఇచ్చారు. నాయకత్వ లోపమని లీడ్ మీద రాసే చాలా ఫిర్యాదులు నిజానికి రాయాల్సింది ఆ పై మెట్టు మీద.

రెండోది వయసు. ఫ్రెషర్లు ఎక్కువగా ఉన్న టీమ్‌లో, నిన్నటిదాకా లెక్చరర్ ముందు లేచి నిలబడినవాళ్లు ఇవాళ లీడ్ అంచనా తప్పని చెప్పాలి. ‘సార్’ అన్న పిలుపు మానిపించి పేరు పెట్టి పిలవమంటే ఇది పోతుందని కొన్ని కంపెనీలు భావిస్తాయి. పిలుపు మారినంత తేలిగ్గా జంకు మారదు. ‘ఈ డిజైన్ నేనే తప్పు పెట్టిన, మార్చాలె’ అని లీడ్ నోట నెలకోసారైనా వినబడితే దాని ప్రభావం వేరు.

మూడోది భాష. స్ప్రింట్ ముగిశాక ఏం బాగా జరిగింది, ఏం జరగలేదని చూసుకునే రిట్రో ఇంగ్లిష్‌లో పెడితే చాలామంది ‘ఆల్ గుడ్’ అని ముగిస్తారు. అదే మనుషులు కింద టీ కొట్టు దగ్గర పది నిమిషాల్లో స్ప్రింట్ మొత్తాన్ని విప్పి ఆరబెడతారు, తెలుగులో. ఏ ఎస్టిమేట్ ఎవరి ఒత్తిడితో తగ్గిందో, ఏ టెస్ట్ చేయకుండానే టిక్ పెట్టారో అన్నీ అక్కడ వస్తాయి. క్లయింట్ లేని రిట్రోను తెలుగులో నడపడానికి ఏ గైడూ అడ్డు చెప్పదు. ఇది అమలు చేయడానికి పైసా ఖర్చు లేదు, కానీ ‘ప్రొఫెషనల్‌గా ఉండదు’ అన్న సంకోచమే ఎక్కువ చోట్ల గెలుస్తోంది.

నాలుగోది బయటికి కనబడనిది. హైదరాబాద్‌లో లీడ్ నచ్చకపోతే రెండు మెట్రో స్టేషన్ల అవతల ఇంకో ఆఫర్ ఉంటుంది. వరంగల్‌లో, కరీంనగర్‌లో ఆ వెసులుబాటు తక్కువ. అమ్మానాన్నల దగ్గర ఉండాలనో, పిల్లల బడి కోసమో ఇక్కడే ఉండదలచినవాళ్లు సర్దుకుపోతారు. మేనేజ్‌మెంట్ లెక్కల్లో ఇది ‘అట్రిషన్ తక్కువ’ అని శుభవార్తగా కనిపిస్తుంది. మనుషులు వెళ్లకపోవడం వేరు, మాట్లాడటం మానేయడం వేరు. రెండోది ఏ డ్యాష్‌బోర్డులోనూ ఉండదు.

నాయకత్వం అన్నింటికీ మందు కాదు

మంచి లీడ్ ఉంటే చాలు, అంతా చక్కబడుతుందనుకోవడం కూడా అతిశయమే. గడువు, ధర, చేయాల్సిన పని మూడూ ముందే బిగించిన ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో స్ప్రింట్లు ఎన్ని పెట్టినా లోపల నడిచేది పాత పద్ధతే. అక్కడ లీడ్ చేయగలిగింది ఒత్తిడిని సమంగా పంచడం వరకే. పదేళ్ల నాటి కోడ్‌కు ఒక్క ఆటోమేటెడ్ టెస్ట్ కూడా లేకపోతే, రెండు వారాలకోసారి రిలీజ్ అన్నది ఎవరు నడిపించినా ప్రాణసంకటమే.

మెత్తదనాన్ని నాణ్యతగా పొరబడటం ఇంకోటి. ఎవరినీ నొప్పించని లీడ్ ఉన్న టీమ్‌లో ఎప్పుడూ పూర్తికాని పనులు మూడు స్ప్రింట్ల పాటు నడిచొస్తుంటాయి. బాగా చేసేవాళ్లు మిగతావాళ్ల భారం మోసి మోసి అలసిపోతారు. ఎడ్మండ్‌సన్ చెప్పిన భద్రత నిజం చెప్పడానికి, పని ఎగ్గొట్టడానికి కాదు. రెండో లీడ్ అమ్మాయిని తిట్టలేదు గాని వదిలేయనూ లేదు. లాగ్ తీసినవా అని అడిగారు, సాయంత్రానికి అది ఎక్కడికొచ్చిందో మళ్లీ చూస్తారు.

ఇక ఉద్యోగం వెతుక్కునే దశలో ఉన్నవారికి ఇదంతా బయటి నుంచి ఎలా తెలుస్తుంది? ‘మీది ఎజైలేనా’ అని అడిగితే ఏ కంపెనీ అయినా అవుననే అంటుంది. ఇంటర్వ్యూ చివర ‘మమ్మల్ని ఏమైనా అడగాలా’ అన్నప్పుడు ఒక ప్రశ్న పనికొస్తుంది: మీ టీమ్‌లో కిందటిసారి రిలీజ్ వాయిదా వేసింది ఎప్పుడు, వేద్దామని మొదట అన్నది ఎవరు? తేదీ, కారణం, ఆ మాట అన్న జూనియర్ టెస్టర్ ప్రస్తావన వెంటనే వస్తే ఒక సంగతి. ‘మా దగ్గర వాయిదా అన్నదే ఉండదు’ అని నవ్వుతూ చెబితే, తొమ్మిదో రోజు ఆ బోర్డు ఏ రంగులో ఉంటుందో ఊహించవచ్చు.